పదమూడు కాయితాలు

మా వార్డులో అందరికంటే పెద్ద నర్సు రిటైరైన రోజు మధ్యాహ్నం, వార్డు వెనక గదిలో అందరం కలిసి భోజనం చేశాం. ఆమె పిల్లలు పెద్దయ్యాక పరీక్ష రాసి ఉద్యోగంలో చేరింది. మొత్తం సర్వీసు పన్నెండేళ్లే. తినేటప్పుడు ఎవరో అడిగారు, "నెలకు పెన్షన్ ఎంతొస్తాదక్కా?" అని. ఆమె పెరుగన్నం కలుపుకుంటూ ఒక అంకె చెప్పింది. మా ఇంట్లో పాలకూ గ్యాసు బండకూ పోతే ఇంకేమీ మిగలని అంకె అది. ఎవరో ఊరగాయ డబ్బా అందించారు.

నేనూ ఆమె లాంటి ఉద్యోగినినే. మాలాగా ఆలస్యంగా చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. జీతంలో కొంత పట్టుకుంటారు, ప్రభుత్వం కొంత కలుపుతుంది, అది ఎక్కడో మార్కెట్లో పెరుగుతుంది. చివర్లో కొంత చేతికిచ్చి, మిగతాదాని మీద నెలనెలా ఇస్తారు. ఇదంతా నాకు తెలుసు. కానీ ఆ రోజు దాకా దాన్ని ఒక మనిషి ముఖంతో కలిపి చూడలేదు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. మా ఆయనకు కర్నూలులో మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే పని. ఆయనకు ఏ పెన్షనూ లేదు. మా ఒక్కగానొక్క కూతురు పదో తరగతిలో ఉంది.

ఇంటికి పోయి బీరువా పైఅరలో ఉన్న బట్టల షాపు సంచి దించాను. పొదుపు కాయితాలన్నీ అందులోనే వేస్తాం. మా పాప మంచం మీద పరిచి లెక్కపెట్టింది. పదమూడు.

"మనం ఇంత ఉన్నోళ్లమా మా?" అంది నవ్వుతూ.

ఉన్నవాళ్లం కాదు. కాదనలేనివాళ్లం. ఆ పదమూడూ ఎలా వచ్చాయో నాకు ఒక్కొక్కటిగా గుర్తుంది. నాలుగు బీమా పాలసీలు మా ఆయన అక్క భర్తవి. ఆయన ప్రొద్దుటూరులో ఏజెంటు, నేను అన్నా అని పిలుస్తాను. ఏటా మార్చి నెలలో ఆయన మా ఇంటికి వచ్చేవాడు, టార్గెట్ ఇంకా ఒకటి తక్కువుందనేవాడు, మేం సంతకం పెట్టేవాళ్లం. ఒకటి బ్యాంకువాళ్లది. లాకరు కావాలని పోతే ముందు ఈ ప్లాను తీసుకోండి మేడమ్ అన్నారు. మా వార్డులో పనిచేసి పోయిన ఒక కుర్ర డాక్టరు ఫోన్లో చూపించి పెట్టించిన మ్యూచువల్ ఫండ్లు అయిదు, ఒక్కోదానిలో నెలకు అయిదొందలు. ప్రొద్దుటూరు బంగారం కొట్టులో నెలవారీ స్కీము ఒకటి. పాప పేరున పోస్టాఫీసు ఖాతా ఒకటి. చివరిది ఓర్వకల్లు దగ్గర ప్లాటు. విమానాశ్రయం వస్తుందన్నప్పుడు మా ఆయన తన స్నేహితులతో కలిసి కొన్నాడు.

జీతం రాగానే నెలకు పన్నెండు చోట్ల డబ్బు పోయేది. దేనికి పోతోందో అడిగితే, పొదుపుకు అని చెప్పేదాన్ని. అంతకుమించి చెప్పడం నాకు రాదు.

మా ఆసుపత్రి రికార్డు గదిలో ఒకామె ఉండేది. వయసు యాభై దాటింది, ఉర్దూలో అక్క అన్నట్టు అందరం ఆపా అని పిలిచేవాళ్లం. భర్త పోయాక ఇద్దరు కొడుకులను ఒక్కతే చదివించింది. ఎవరి దగ్గరా చేయి చాచలేదని అందరికీ తెలుసు. ఆ సంచి తీసుకుని ఒక మధ్యాహ్నం ఆమె గదికి పోయాను. గది నిండా పాత కేసు షీట్లు, ఏ ఏడాదివి ఆ ఏడాది అరలో.

ఆమె కాయితాలన్నీ ఒకసారి తిరగేసింది. ఏది మంచిది, ఏది చెడ్డది అని నేను అడిగాను.

"అది నాకు తెల్దు సిస్టర్," అంది. "నాకు తెలిసింది ఒకటే. ఈ దుడ్డు నీకు ఏ యేటికి కావాల? అది చెప్పు, దాని మీద పెన్సిల్‌తో రాస్తా."

కావలసినవి రెండే రెండు. పాప కాలేజీలో చేరడానికి మరో రెండేళ్ల తర్వాత, అక్కడి నుంచి నాలుగేళ్లపాటు. మాకు ముసలితనానికి, పదహారేళ్ల తర్వాత. ఆమె ఒక తెల్లకాయితం మీద ఆ రెండూ రాసి పక్కన పెట్టుకుంది. తర్వాత ఒక్కో పాలసీ తీసి, డబ్బు చేతికొచ్చే ఏడాది వెతికి, మూలన పెన్సిల్‌తో వేసింది.

పాప రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు చదువు పాలసీ అని అన్న ఇచ్చిన కాయితం మీద నల్లకోటు, టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. దాని గడువు ఇరవై ఏళ్లు. అంటే పాపకు ఇరవై రెండేళ్లు వచ్చాక డబ్బొస్తుంది. పాప చదువు అప్పటికి అయిపోయి ఉంటుంది. పద్నాలుగేళ్లుగా ఆ బొమ్మను చూస్తూ కట్టాను గానీ, ఆ కూడిక మాత్రం ఎప్పుడూ వేయలేదు.

"తప్పు కాదులే, సదువు అని రాసిండాది గదా, ఎవురైనా అట్లనే అనుకుంటారు," అంది ఆపా.

అయిదు ఫండ్ల కాయితాలూ ఫోటో తీసి పంపితే ఆమె కొడుకు చూసి ఫోన్లో చెప్పాడు. అయిదింటిలోనూ దాదాపు అవే పెద్ద కంపెనీలు. మొత్తం మార్కెట్టు ఎలా పోతే అలా పోయే ఫండు ఒక్కటి చాలని అన్నాడు, ఖర్చు కూడా తక్కువని. పోస్టాఫీసు ఖాతాలో పాప పై చదువుకు సగం దాకా తీసుకోవచ్చని ఆపాయే చెప్పింది. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. రెండు మూడేళ్లలో కావలసిన డబ్బును మార్కెట్లో పెట్టొద్దని, బ్యాంకు డిపాజిట్లో ఉంచమని కూడా చెప్పింది. పైగా ఒక లోటు చూపించింది. ఇన్ని పాలసీలున్నా, నాకో మా ఆయనకో ఏమైనా అయితే వచ్చేది రెండేళ్ల ఇంటిఖర్చుకు కూడా చాలదు. మనిషి పోతే మాత్రమే డబ్బొచ్చే చౌక బీమా ఒకటి తీసుకోమంది.

ఇదంతా ఒక గంటలో తేలిపోయింది. తేలనిది అన్నతో చెప్పడం.

పాలసీలు వెనక్కిచ్చేయడానికి ఆయనతో పని లేదు. ఆఫీసుకు పోయి ఫారం ఇస్తే చాలు. మా ఆయన అదే అన్నాడు.

"చెప్పాపెట్టకుండా తీసేద్దాం. ఆయనకెట్లా తెలుస్తాది?"

"తెలుస్తాది. తెలిసినాక మీ అక్క ముఖం నువ్వు చూస్తావా?"

ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి నంద్యాల, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు పోయాం. ఎండాకాలం మొదలు. ఆళ్లగడ్డ దాటాక పొలాలన్నీ ఎర్రగా బోసిగా ఉన్నాయి. మా ఆయన కిటికీలోంచి బోర్లు చూస్తూ కూర్చున్నాడు. ఎండ ముదిరితే మోటార్లు కాలతాయి, ఆయనకు పని దొరుకుతుంది. వానలు బాగా పడిన ఏడు మా ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. ఈ సంగతి బయటివాళ్లకు చెప్పడానికి మాకు సిగ్గు.

వదిన రాగిసంగటి, పప్పు పెట్టింది. తిన్నాక అన్న వరండాలో కుర్చీ వేసుకున్నాడు. నేనే మొదలుపెట్టాను. పెన్షన్ సంగతి, పాప కాలేజీ సంగతి, గడువు సంగతి చెప్పాను. మూడు పాలసీలు ఆపేస్తామన్నాను. ఒక్కటి మాత్రం, మరో నాలుగేళ్లలో అయిపోయేది, చివరిదాకా కడతామన్నాను.

ఆయన చాలాసేపు పళ్లపుల్లతో గోడ గీకాడు.

"నష్టం వస్తాదని తెలుసునా మ్మా? కట్టినంత కూడా రాదు."

"తెలుసన్నా. ఇంకా కడితే ఇంకా నష్టం."

"నేనేమన్నా మోసం చేసినానా?"

"అట్ల అనలేదు."

"అనకున్నా అదే గదా." ఆయన మా ఆయన వైపు తిరిగాడు. "ఏమప్పా, నీక్కూడా అట్లనే ఉండాదా?"

మా ఆయన నేల చూస్తూ, "పాప సదువు బావా," అన్నాడు.

అప్పుడు వదిన లోపలి నుంచి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు, చెప్పాలి కాబట్టి చెబుతున్నట్టు చెప్పింది. "వానలెక్కువై షాపు కూర్చుండిపోయిన యాడాది మీరు రెండు కంతులు కట్టలేదు. గుర్తుండాదా? పాలసీ పోతాదని ఈయన కట్టినాడు. మీకు చెప్పొద్దన్నాడు."

నాకు గుర్తుంది. ఆ ఏడు కట్టలేదని భయపడి, తర్వాత ఏమీ నోటీసు రాకపోతే ఏదో సర్దుకుందనుకున్నాం. ఎలా సర్దుకుందో అడగలేదు.

"ఆ దుడ్లు ఇప్పుడిస్తాం," అన్నాడు మా ఆయన.

"వద్దు," అన్నాడు అన్న. "దానికి గాదు ఆమె చెప్పింది." నా వైపు తిరిగాడు. "మీ ఇంట్లో రాసిన ప్రతిదాని మీదా నాకు కమీషనొచ్చింది. దాంతోనే పిల్లలు సదివినారు. అబద్ధం ఎందుకు?"

"అందుకే రాసినాం గదన్నా," అన్నాను. అది నిజం. మేం ఆ పాలసీలు కొన్నది పాప కోసం అనుకున్నాం గానీ, సంతకం పెట్టింది ఆయన కోసం. దాన్ని సాయం అనుకుని నేరుగా డబ్బిచ్చి ఉంటే తక్కువలో అయిపోయేది.

బస్సు వేళ అయ్యిందని లేచాం. ఆయన వీధి చివరిదాకా రాలేదు. ఎప్పుడూ వచ్చేవాడు.

మూడు పాలసీలూ బ్యాంకు ప్లానూ తీసేశాం. వచ్చిన చెక్కులు కట్టినదానికంటే తక్కువే. బంగారం స్కీము గడువు తీరాక మళ్లీ చేరలేదు. అయిదు ఫండ్లలో ఆపా కొడుకు చెప్పినలాంటిది ఒకటి ఉంటే అది ఉంచి, నాలుగు ఆపాను. ప్లాటు అమ్మాలని చూశాం. కొనడానికి వచ్చినతను రాళ్లగుట్ట కింద నిలబడి, మా సర్వే రాయి ఏదో మేమే వెతుక్కుంటుంటే చూసి, ఫోన్ చేస్తానని పోయాడు. చేయలేదు. అది ఇప్పటికీ ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేశాం. చెక్కుల డబ్బు పాప కాలేజీ కోసం డిపాజిట్ చేశాం. నెలనెలా మిగిలినదంతా ఆ ఒక్క ఫండుకు, మా ఇద్దరి ముసలితనం కోసం.

పాప డాక్టరు చదువుతుందని నేను లోలోపల అనుకున్నాను. ఆమె నంద్యాల వైపు ఒక కాలేజీలో వ్యవసాయం కోర్సులో చేరింది. ఫీజు కట్టే రోజు పోస్టాఫీసు నుంచి తీసిన డబ్బూ డిపాజిట్టూ కలిపితే రెండేళ్లకు సరిపోయింది. ఎవరినీ అడగలేదు. హాస్టలు గదిలో పరుపు వేసి వస్తుంటే పాప, "మా, ఇంగ నువ్వు నీది చూసుకో," అంది. పెద్దదానిలాగా అంది.

అన్న మూడేళ్లు మా ఇంటికి రాలేదు. తర్వాత కంటి ఆపరేషనుకు కర్నూలు వచ్చాడు. నేను సెలవు పెట్టి ఓపీ చీటీ దగ్గర, పరీక్షల దగ్గర వెంట తిరిగాను. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టినప్పుడు, కళ్లు మూసుకునే అడిగాడు.

"ఆ ఉంచిన పాలసీ కడతాండారా?"

"కడతాండాం అన్నా."

"పై ఏడు మార్చితో అయిపోతాది. అప్పుడు ఏం చేస్తారు?"

"ఇంకా అనుకోలేదు."

"డిపాజిట్ చెయ్యండి. మళ్లీ ఎవురన్నా ఏదన్నా అమ్మకముందే." అని కొంచెం నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను.

ఇక మా ఆయన సంగతి. ఆయన పేరున ఒక పెన్షన్ ఖాతా తెరవాలని నాకు పట్టుదల. "నాకు రిటైర్‌మెంట్ యాడిది? చెయ్యి ఆడినంత కాలం చుట్టేదే," అనేవాడు. ఆయన వేళ్లు అప్పటికే పొద్దున పూట వంగడం లేదు. నేను అది చూపించలేదు, ఫారం మాత్రం తెచ్చిపెట్టాను. సంతకం బ్యాంకులో ఉన్నదానితో కలవడం లేదని రెండుసార్లు తిప్పి పంపారు. ఇరవై ఏళ్ల కిందటి సంతకం, ఇప్పటి చేయి ఒకటి కావు. ఒక వారం పాటు షాపులో బిల్లుబుక్కు వెనక ఆయన తన పేరు తానే రాసుకుంటూ కూర్చున్నాడు. మోటార్లు చుట్టించుకోడానికి వచ్చిన రైతులు అదేందన్నా అని అడిగితే, "ముసలోణ్ణయితాండా, దానికి అప్లికేషన్," అని చెప్పాడట. మూడోసారి ఫారం తీసుకున్నారు.