అవ్వ వేలి కింద రెండు ఊళ్లు

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరులో మా ఇంటి వసారాలో ఓ సాయంత్రం. లోపల నాయిన మగ్గం చప్పుడు. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పక్కింటి టీచరును అడిగి తెచ్చిన గ్లోబు నా ఒళ్లో ఉంది.

పదో తరగతి అయిపోయింది. నాకు కావలసిన గ్రూపు ఆదోని కాలేజీలో ఉంది. నాయినకు ఇష్టమే... అవ్వది మాత్రం ఒకటే మాట. "ఆదోనా? అంత దూరం ఆడపిల్ల దినామూ పోయొచ్చేదేంది? వద్దంటే వద్దు."

అసలైన దూరం అంటే ఏమిటో అవ్వకు చూపించాలని పంతం పట్టాను. అందుకే ఆ గ్లోబు. కండెకు మిగిలిన దారం ముక్క తీసి, ఒక కొస మద్రాసు మీద, ఇంకో కొస లండన్ మీద పెట్టాను.

"చూడవ్వా, విమానం ఈడ లేస్తే ఆడ దిగుతాది."

అవ్వ రాట్నం ఆపింది. "వదులుగా పట్టుకుంటే కొలత యాడొస్తాది మే? బిగువుగా లాగు" అని తనే ఒక కొస పట్టుకుంది. లాగేసరికి అరబ్బు దేశాల మీద వేసిన దారం జారి, ఇంకాస్త పైకి పోయి నిలిచింది. విమానానికి దగ్గరి దారి అదేనని అప్పటికి నాకూ తెలియదు.

"ఇంత దూరం గాల్లో పోతారా? ఆడోళ్లు గూడానా?"

"ఆడోళ్లు గూడా పోతారవ్వా."

"మరి మన ఊరు యాడుంది దీంట్లో? ఆదోని యాడుంది?"

రెండూ లేవు. మద్రాసుకు కాస్త పైన ఉజ్జాయింపుగా ఒక చోటు చూపించాను. అవ్వ అక్కడ వేలు పెట్టింది. కాయలు కాచిన ఆ వేలి కింద ఎమ్మిగనూరు, ఆదోని, నడుమ రోడ్డు... అన్నీ దాగిపోయాయి.

"రెండూ నా ఏలి కిందనే ఉండాయా?"

గెలిచాననుకున్నాను.

"ఏలి కింద ఉంటే సరా? సాయంత్రం బస్సు రాకుంటే ఏం సేస్తావు?"

మగ్గం గుంతలోంచి నాయిన నవ్వాడు. "నేను సైకిలేసుకోని పోతాలేమ్మా. నీ ఏలంత దూరమే కదా!"

అవ్వ నవ్వలేదు. "సరే పో... సీకటి పడకముందే ఇంట్లో ఉండల్ల" అని మళ్లీ రాట్నం తిప్పింది. నా చదువంతా ఆ మాట మీదే నడిచింది.

అవ్వ ఇప్పుడు లేదు. నాకు నలభై దాటాయి. వచ్చే నెల ఒక సదస్సులో మాట్లాడడానికి భూగోళానికి అవతలి వైపున్న సావో పాలో వెళ్లాలి... ఒక్కదాన్నే, మొదటిసారి విమానంలో. హైదరాబాదు నుంచి ఎంత దూరమని అడిగితే ఫోను క్షణంలో ఒక అంకె చూపించింది. అది చూశాక గుబులు పెరిగింది. అంత దూరం పోయి చెప్పేంత విషయం నా దగ్గర ఉందా... రానని రాసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో.

నిన్న మా అమ్మాయి పాత గ్లోబు దించి దారం పెట్టి చూశాను. ఇంత దూరం ఏ వేలి కిందా పట్టదు. అవ్వ ఉంటే ఒక కొస పట్టుకునేది. రెండు కొసలూ నేనే పట్టుకుని, బిగువుగా లాగాను. తర్వాత టికెట్టు తీసేసుకున్నాను.

ఇప్పుడు దూరాలన్నీ ఫోనే చెప్పేస్తోంది... వద్దని పోట్లాడి, చివరికి ఒక కొస పట్టుకునే మనుషులే తగ్గిపోయారు. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఎవరు? రాయండి, విమానం ఎక్కేలోపు అన్నీ చదువుతాను.

పోతాండానవ్వా... చీకటి పడకముందే ఇంట్లో ఉండడం మాత్రం ఈసారి కుదరదు.