చెల్లె చీఫ్ అయిన ఏడాది

పీజీ చివరి ఏడాదిలో, కాన్పుల వార్డుకు నన్ను చీఫ్ రెసిడెంట్‌గా పెడుతున్నామని మా ప్రొఫెసర్ మేడమ్ చెప్పగానే గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు కాదు, అన్న వైపు చూశారు. అన్న నా బ్యాచ్‌మేటే. కాకపోతే పల్లె ఆసుపత్రిలో కొన్నేళ్ళు సర్కారు డాక్టరుగా చేసి వచ్చినవాడు, వయసులో పెద్దవాడు, ఆపరేషన్‌లో చెయ్యి వణకని మనిషి. బ్యాచంతా ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం. నన్ను ఆయన చెల్లె అనేవాడు. అన్నకు డ్యూటీలు వేసే చెల్లెను బీదర్‌లో ఎవరు చూశారు?

అసలు అలాంటి పదవి మా ఆసుపత్రిలో అంతకుముందు లేదు. హైదరాబాద్ పెరుగుతున్న రోజులవి. అక్కడ ఎటు చూసినా కొత్త కార్పొరేట్ ఆసుపత్రులే. మా దగ్గర పని బాగా వచ్చిన డాక్టర్లంతా ఒక్కొక్కరే బస్సెక్కి పోతున్నారు. పోయేవాళ్ళను ఆపలేం, ఉన్నవాళ్ళనైనా తయారు చేసుకుందామని మేడమ్ పట్టుబట్టారు. డ్యూటీలు వేయడం, జూనియర్లకు నేర్పడం, ఎవరికి ఆపరేషన్ చేయాలో, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో మొదటి మాట చెప్పడం నా పని. దసరా దాకా చూస్తానన్నారు. నడిస్తే ఏటా ఒకరిని పెడతారు. నడవకపోతే ఆ ముచ్చట అంతటితో సరి.

ఆ చివరి మాట మా అమ్మకు చెప్పలేదు. ఆమె ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడు నా బిడ్డను దవాఖానకే చీఫ్‌ను చేసిండని ప్రకటించింది. సాయంత్రానికి కొల్హార్ ఫ్యాక్టరీలో పనిచేసే మామ ఒకాయన ఇంటికొచ్చి, కొడుకుకు వాచ్‌మన్ నౌకరీ ఇప్పించమని కూర్చున్నాడు. నా మాట ఒక్క జూనియర్ వింటే చాలునన్నట్టు ఉంది నా పరిస్థితి.

మా వార్డులో ఒక మర్యాద ఉండేది. డ్యూటీ దిగేవాళ్ళు వార్డును సాఫ్‌గా అప్పజెప్పాలి. అంటే తర్వాత వచ్చేవాళ్ళ నెత్తిన కష్టమైన కేసు పెట్టకూడదు. అందుకని డ్యూటీ మారే వేళయ్యేసరికి బరువైన కేసులన్నీ అంబులెన్సెక్కి హైదరాబాద్ పోయేవి. పంపినవాడు మంచివాడు, పంపనివాడు పనిదొంగ. నిజానికి ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, తోటివాడి మీద ప్రేమతోనే పంపేవాళ్ళు. ఆ ప్రేమ పేషెంట్ల ప్రాణం మీదికొచ్చేది. దారిలో వాళ్ళకు ఏమైందో మాకు తెలిసేది కాదు, తెలుసుకోవాలని ఎవరికీ ఉండేది కాదు. నాకు ఆ మర్యాదంటే ఒళ్ళు మండేది.

అందుకే నా మొదటి రూలు దాని మీదే పెట్టాను. డ్యూటీ మారే వేళ దిగే డాక్టరు ఒక్కడే ఎవరినీ పంపొద్దు. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఇద్దరూ మంచం దగ్గర నిలబడి చెయ్యి పెట్టి చూడాలి. ఇద్దరూ పంపాలంటేనే పంపాలి. మాట కలవకపోతే నేను చూస్తాను.

"చెల్లె, ఎవల డ్యూటీ వాళ్ళది. నాది నాకు ఇడ్సిపెట్టు" అన్నాడు అన్న.

"రూలు అందరికి ఒక్కటే అన్నా" అన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు.

మొదట్లో ఎవరూ లెక్కచేయలేదు. రోజూ పొద్దున్నే నేనే పోయి వార్డు గుమ్మంలో నిలబడేదాన్ని. జూనియర్లు నాకు పోలీసమ్మ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ, పోలీసమ్మకైనా భయపడతారు కదా అనుకున్నాను.

దసరా దగ్గరపడింది. మేడమ్ ఏదో మీటింగుకు బెంగళూరు పోయారు. ఆ పొద్దున అన్న డ్యూటీ దిగుతున్నాడు. మన్నళ్ళి నుంచి వచ్చిన ఒక గర్భిణికి నొప్పులు. మొదటి కాన్పు ఆపరేషన్, పైగా ఒంట్లో రక్తం తక్కువ. హైదరాబాద్ పంపడానికి అంబులెన్స్ మెట్ల దాకా వచ్చింది. వెంట ఉన్న అత్త సంచి సర్దుకుని నిలబడింది. నేను పోయి స్ట్రెచర్‌కు అడ్డం నిలబడ్డాను.

"అన్నా, ఎక్కే డాక్టర్ ఇంక చూడలె. చూసినంక పోనిద్దాం."

"రక్తం తక్కువున్నది. ఆడ అన్ని ఉంటయి. జెల్ది పోతె జెల్ది చేరుతది."

"ఏందమ్మా, మా కోడల్ని పోనిస్తలేవు? దానికేమన్న అయితె నువ్వొస్తవా?" అని అత్త నా మీదికొచ్చింది. నేను అడ్డం తప్పుకోలేదు.

డ్యూటీ ఎక్కే జూనియర్ వచ్చి చెయ్యి పెట్టి చూసింది. చూసి, అన్న మొహం చూసింది, నా మొహం చూసింది.

"అన్నను చూడకు. పేషెంట్‌ను చూసి చెప్పు" అన్నాను.

"అక్కా, పాత కుట్టు మీద చెయ్యి పెట్టనిస్తలేదు. నొప్పి ఆగినంక గూడ ఆడ నొస్తాంది. నాడి అన్న చెప్పినదానికంటె బాగ ఉరుకుతాంది."

అన్న గబగబా వచ్చి మళ్ళీ చూశాడు. ఆయన ఇంతకుముందు చూసినప్పుడు ఈ గుర్తులు లేవు. కడుపులో పాత కుట్టు విడిపోతోందని ముగ్గురికీ అర్థమైంది. దారిలో విడిపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు.

"ఈడనే చేద్దాం" అన్నాను.

అన్న నన్ను పక్కకు పిలిచాడు. "చెల్లె, రక్తం సాలకపోతె మన టేబుల్ మీదనే పోతది. గప్పుడు నీ చీఫ్‌గిరి గూడ పోతది. సోంచాయించుకో."

బెదిరింపు కాదది, నిజం. నాకు చాలా భయమేసింది. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని కన్నడంలో ఒక్క మాటే అన్నారు: "నీనే నోడమ్మా." నువ్వే చూసుకోమని. ఇంకేమైనా చెప్తారేమోనని ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాను, అటు ఎప్పుడో పెట్టేశారు. ఆ నిమిషం ఆవిడ మీద కోపమొచ్చింది. అంతకంటే పెద్ద చదువు నాకు ఎవరూ చెప్పలేదని ఇప్పుడంటాను.

స్ట్రెచర్‌ను థియేటర్ వైపు తిప్పించాను. డ్యూటీ మారే వేళ కదా, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ వార్డులోనే ఉన్నారు. రోజంతటిలో మా దగ్గర చేతులు ఎక్కువుండే వేళ అదేనని, ఆ వేళకే మేము పేషెంట్లను పంపించేస్తున్నామని అప్పుడే తట్టింది. ఒకరిని రక్తానికి ఉరికించాను, ఒకరిని మత్తు డాక్టర్ కోసం, ఒకరిని పిల్లల డాక్టర్ కోసం.

"అన్నా, కత్తి నువ్వు పట్టు. ఎదురుంగ నేను నిలబడ్త."

నాకంటే ఆయన చెయ్యి మంచిది. అది ఒప్పుకోవడానికి నాకేం కష్టం కాలేదు. డ్యూటీ అయిపోయిందని ఆయనా అనలేదు, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

కడుపు తెరిస్తే పాత కుట్టు ఉల్లిపొరంత పలచబడి, ఒక మూల అప్పటికే విచ్చుకుని ఉంది. అన్న బిడ్డను బయటికి తీశాడు. పిల్లల డాక్టర్ అందుకుని వీపు రుద్దాడు. తర్వాత ఏడ్చింది చూడండి, కారిడార్‌లో ఉన్నవాళ్ళకు గూడా వినిపించేటట్టు ఏడ్చింది. అన్న కుట్లు వేస్తుంటే నేను రక్తం ఎక్కించడం చూసుకున్నాను. మధ్యాహ్నానికి తల్లి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వాను. గెలిచాను. ఆ మాట అనడానికి నాకేం సిగ్గు లేదు.

మేడమ్ తిరిగొచ్చాక నన్ను మెచ్చుకోలేదు. వచ్చే ఏడాది చీఫ్‌గా ఎవరిని తయారు చేస్తున్నావని మాత్రం అడిగారు. నెల తిరగకముందే సర్జరీ వాళ్ళు గూడా మాకొక చీఫ్ కావాలని అడగడం మొదలుపెట్టారు.

ఆ తల్లి ఇంటికి పోయే రోజు నేను వార్డులో ఆ చివర ఎవరికో కట్టు మారుస్తున్నాను. అత్త మనవణ్ణి ఎత్తుకుని అన్న దగ్గరికి పోయింది.

"డాక్టరయ్యా, ఈడ అందరికంటె పెద్ద ఎవలు? ఒకపారి మొక్కి పోతం."

అన్న నా వైపు చెయ్యి చూపించాడు. అత్త నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"బండికి అడ్డం నిలబడ్డ పిల్లనా?"

"గా పిల్లనే" అన్నాడు అన్న. "మాకందరికి పెద్ద గామెనే."