తెలుగు నొక్కిన పాపానికి

ముందే ఒప్పేసుకుంటాను, గోరంతను కొండంత చేయడం నా పుట్టుగుణం. కాబట్టి మోర్ధానా రోడ్డులోని మా వీధిని ఇంటర్నెట్ కేబుల్ కోసం నూరుసార్లు తవ్వారని నేనంటే మీరు మూడుసార్లని సర్దుకోండి. ఈ ఉదయం నాలుగోసారి వచ్చారు. ఆ గుంతలో కాలు మడతపడిన కోపంలోనే నాకు మా అక్క గుర్తొచ్చింది.

పదిపన్నెండేళ్ల కిందట, తమిళనాడు అంచునున్న మా ఊళ్లో సిగ్నల్ అనేది ఊరి వెనక బండ మీద మాత్రమే కాపురముండేది. అదీ ఒంటికాలి మీద నిలబడి, మెడను ఆంధ్రా వైపు తిప్పి, ఊపిరి బిగబడితేనే దర్శనమిచ్చేది. గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు సర్దీ సర్దీ వేలిముద్రలు అరగదీసుకున్న మా అక్క, వేలూరులో ఒక ఆసుపత్రిలో చీట్లు రాసే ఉద్యోగానికి దరఖాస్తు పంపాలని నాయననూ నన్నూ వెంటబెట్టుకుని ఆ బండెక్కింది. ఆ సాయంత్రం ఐదింటికే గడువు.

ఒక యుగం పాటు తెర మీద తిరిగిన చక్రం ఆగాక, ఏ భాష కావాలని ఫోను అడిగింది. అక్క తమిళం నొక్కబోతే నాయనకు రోషం పొడుచుకొచ్చింది.

“ఇంట్లో మాట్లాడేది తెలుగు గదమ్మా? తెలుగే నొక్కు. మనకేం తక్కువ?”

నొక్కింది. తెర మురుకుల తట్టలా నిండిపోయింది. తెలుగులోనే తిట్టుకుని, తెలుగులోనే ఏడ్చి, తమిళ బడుల్లో చదువుకున్న మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ అక్షరాలు రావు. పోనీ తమిళానికి మారదామంటే, తమిళం అనే మాటను కూడా తెలుగు అక్షరాల్లోనే రాసి పెట్టారు మహానుభావులు!

“మన భాషంటివే నాయనా, చదువు!” అంది అక్క.

“మాట్లాడమంటే తెల్లార్లూ మాట్లాడతా. చదవమంటే యాడికి పోయేది?”

సరిహద్దుకు అవతల, ఆంధ్రా పల్లెలో ఉన్న మా మేనత్తకు చదవడం వచ్చు. ఫోను చేస్తే ఇంటర్నెట్ తెగిపోతుంది. కనుక నేనే మోపెడ్ మీద పోయి, దారిలో ఒక ఏనుగును దాటుకుని, ఆమెను ఎక్కించుకొచ్చాను.

“బాగుండాదప్పా, అక్షరం రాని తెలుగోళ్లు!” అంటూ అత్త ఒక్కో మాటా చదివితే అక్క నింపింది. ఐదవడానికి రెండు నిమిషాల ముందు బొత్తం నొక్కింది. దరఖాస్తు చేరిందని అత్త చదివింది. నలుగురం బండ మీదే గంతులేశాం.

ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు, కేబుల్ తెగని రోజుల్లో, మంచం దిగకుండానే వేలూరుకేమిటి, లోకం చివరికైనా దరఖాస్తులు పంపుతున్నారు. ఒక్క చోట నిలబడి ఊపిరి బిగబట్టడమంటే ఏమిటో వాళ్లకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

ఏనుగు నిజమే. నేను కల్పించింది దరఖాస్తు చేరిందన్న మాటా, ఆ గంతులూ మాత్రమే. చక్రం తిరుగుతూనే ఉండగా ఐదు దాటిపోయింది. అక్క ఫోనును కొంగుతో తుడిచి నాయన చేతికిచ్చి, బండ దిగింది. మరునాడు పొద్దున్నే అగ్గిపెట్టెల కంపెనీ బస్సెక్కింది.