జగన్నాథం కొట్టి చూసిన ర్యాక్

జగన్నాథం ఏ వస్తువునైనా కొట్టి చూడందే నమ్మడు. కుడిచేతి నడిమివేలు మడిచి, కణుపుతో టకటకా రెండు దెబ్బలు వేసి, తల ఓ పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని వింటాడు. విన్నాక ఆయన తీర్పులు రెండే. ఒకటి "గట్టిదే", రెండోది "లోపల ఖాళీ". ఈ రెండూ కాక మూడో మాట ఆయన నోట గిద్దలూరులో ఎవరూ వినలేదు.

బజారులో ముప్ఫై ఏళ్లుగా స్టీలు సామాన్ల దుకాణం నడుపుతున్నాడు కాబట్టి గిన్నెల్ని కొట్టి చూడటం వృత్తిలో భాగమే అనుకోవచ్చు. అక్కడితో ఆగి ఉంటే భార్య పార్వతికి ఏ బాధా లేకపోయేది. కానీ ఆయన కొబ్బరికాయను కొడతాడు, కొత్తగా కట్టిన ఇంటి గోడను కొడతాడు, ఎక్కబోయే బస్సును కొడతాడు. ఒకసారి దగ్గు వచ్చి ఆస్పత్రికి పోతే, డాక్టరు ఈయన వీపు మీద వేళ్లు పెట్టి తట్టి చూశాడట. జగన్నాథం మహా గౌరవంగా వెనక్కి తిరిగి, "ఏమంటది డాక్టరుగారూ, గట్టిదేనా?" అని అడిగాడు. తన విద్య తెలిసిన మనిషి దొరికాడని ఆయన సంబరం.

అసలు పెళ్లిచూపుల్లోనే పార్వతి కనిపెట్టాల్సింది. కంభంలో వాళ్ల ఇంటికి వచ్చి, ముందు కాఫీ పెట్టిన టీపాయిని టకటకలాడించి, "లోపల ఖాళీ" అన్నాడు. ఇంటిల్లిపాదీ బిక్కచచ్చిపోతే పార్వతి తండ్రి ఒక్కడే పకపకా నవ్వాడు. "టీపాయి మీకిచ్చేది లేదులే నాయనా, మా అమ్మాయినే ఇస్తాం" అన్నాడు.

ఆ తండ్రికి పాటలంటే ప్రాణం. ఆయన పోయాక రెండు ట్రంకుపెట్టెల గ్రామఫోను రికార్డులు పార్వతికి వచ్చాయి గానీ, వాటిని పాడించే యంత్రం అప్పటికే మూలబడింది. ఇరవై రెండేళ్లు ఆ పెట్టెలు మంచం కింద ఉన్నాయి. ఏటా రెండుసార్లు ఒక్కొక్క రికార్డునూ మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ లోపల పెట్టేది పార్వతి. ఈ ఏడు ఉగాదికి కూతురు సింధూజ హైదరాబాదు నుంచి ఒక రికార్డు ప్లేయరూ, ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ తెచ్చి, హాల్లో పాత చెక్కబల్ల మీద అమర్చి వెళ్లింది.

పార్వతి మొదటి రికార్డు పెట్టింది. పల్లవి వచ్చింది. సరిగ్గా అప్పుడే గూడ్సు బండి కూడా వచ్చింది. వాళ్ల ఇంటికి రైలు పట్టాలు ఒక వీధి అవతల. ఇల్లు గజగజలాడింది, బల్ల కాళ్లు వణికాయి, ప్లేయరు ముల్లు గంతేసి పల్లవిలోంచి తిన్నగా రెండో చరణంలోకి దూకింది. రికార్డు ఎత్తి చూస్తే దాని మీద తెల్లటి గీత. పార్వతి యంత్రం మీద పాత చీర ముక్క కప్పేసింది. మంచి ర్యాక్ వచ్చేదాకా నాయన రికార్డుల్ని ముట్టనని తీర్మానించుకుంది.

సింధూజ ఫోనులో చెప్పింది. "బాగా బరువైన ర్యాక్ కావాలమ్మా. ఎంత అదిరినా కదలకూడదు. హాల్లో పెట్టేది కదా, చూడ్డానికీ బాగుండాల. పదివేలు దాటొద్దు."

"నేను చూసుకుంటాలే" అన్నాడు జగన్నాథం, వేలు మడుస్తూ. పార్వతికి అప్పుడే గుండెల్లో రాయి పడింది.

మొదట నంద్యాలలో పెద్ద ఫర్నిచరు షాపుకు వెళ్లారు. నల్లగా మెరిసే ర్యాక్ ఒకటి పార్వతికి చూడగానే నచ్చింది. జగన్నాథం టకటకా కొట్టి, "లోపల ఖాళీ" అన్నాడు.

"ఖాళీ ఎట్లుంటది సార్? ఇది నిండు బోర్డు" అన్నాడు షాపతను.

"రంపపు పొట్టుకు జిగురు పూసి అదిమినారు. ఒక్క వానాకాలానికి ఉబ్బుతది. అప్పుడు నీ నిండు బోర్డు నిండు గర్భిణీ అయితది." పక్కన బేరమాడుతున్న ఇద్దరు ఆ మాట విని బయటికి నడిచారు. ఆ తర్వాత గాజు అరల ర్యాక్ దగ్గరికి జగన్నాథం వేలు మడిచి వెళ్తుంటే షాపతను ఉరికివచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

ఆన్‌లైనులో చూద్దామంది పార్వతి. ఫోనులో బొమ్మ చూపించింది. జగన్నాథం అలవాటు కొద్దీ బొమ్మను కూడా కణుపుతో రెండుసార్లు కొట్టాడు. నాలుగో రోజు ర్యాక్ ఇంటికి వచ్చింది. ఎవరు ఆర్డరు పెట్టారో ఇద్దరికీ అర్థం కాలేదు. స్క్రూలన్నీ బిగించి నిలబెడితే ఆస్పత్రిలో మందులు తోసుకుంటూ తిరిగే బండిలా ఉంది. జగన్నాథం తీర్పు చెప్పబోయే లోపే దాని కాలొకటి ఊడి పక్కకు దొర్లింది. వచ్చిన పెట్టెలోనే దాన్ని తిరుగుబండి ఎక్కించారు.

వడ్రంగి దగ్గర టేకు ర్యాక్ కొట్టి మనసారా "గట్టిదే" అన్నాడు గానీ, ధర ముప్ఫై అయిదు వేలు అనేసరికి ఆయన ముఖమే లోపల ఖాళీ అయింది. వెల్డింగు షాపులో మహేంద్ర చేసిన ఇనుప ర్యాక్‌ను కొడితే అది గుడిగంటలా చాలాసేపు మోగింది. "దీని మీద పెడితే ఇనుమే పాడతది, మీ నాయన రికార్డుకు అవకాశం రాదు" అని అదీ తోసేశాడు.

అలాంటి మనిషి ఒక గురువారం మార్కాపురం వెళ్లి, కళ్లు మెరిపించుకుంటూ తిరిగొచ్చాడు.

"పార్వతీ, రాయి. మన మార్కాపురం పలకరాయి. ఇనుప చట్రంలో మూడు అరలు, ఒక్కో అర రెండంగుళాల మందం. నల్లగా, నున్నగా, నీళ్లు నిలబడినట్టుంటది. దేవరాజని పలకల పనోడు, నలభై ఏళ్ల చెయ్యి. ఏడున్నర వేలకు చేస్తానన్నాడు."

పార్వతి మనసు పొంగింది. ఎక్కడెక్కడి పిల్లలో అ ఆలు దిద్దుకున్న రాయి అది. పక్కన ఇంత పెట్టుకుని పొట్టుబోర్డుల కోసం ఊళ్లు తిరిగామా అనుకుంది. "ఎప్పుడిస్తాడు?"

"రాళ్లు ఏరాల గదా. వచ్చే గురువారం పోయి చూస్తా."

ఆ వచ్చే గురువారం వచ్చింది, పోయింది. ప్రతి వారం ఇదే వరస. తమ్ముడు వేణుగోపాల్‌కు దుకాణం అప్పజెప్పి పొద్దున్నే బస్సెక్కడం, చీకటి పడే వేళకు చొక్కానిండా రాతిపొడితో ఉత్తచేతులు ఊపుకుంటూ రావడం.

"ఏమైంది?"

"లోపల ఖాళీ."

వేసవి పోయి వానలు వచ్చాయి. ఇరవై గురువారాలు అయ్యాయి. ఆయన కణుపు వాచి కాయ కాసింది. పార్వతి దానికి మందు రాస్తూ అడిగింది. "ఒక ర్యాక్‌కు మూడు రాళ్లు. మూడు రాళ్లు ఏరను అయిదు నెలలాండీ? దసరాకు పిల్ల వస్తాంది. వాళ్ల తాత రికార్డు వినాలంటాంది. నాకు మాత్రం ఆశ లేదా?"

"ఈసారి ఖాయం" అన్నాడు జగన్నాథం, గోడ వైపు చూస్తూ. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన గోడ వైపు చూసి చెప్పిన మాట ఒక్కటీ నిజం కాలేదు.

తర్వాతి గురువారం ఆయన ఎక్కిన బస్సు వెనకాలే ఇంకో బస్సెక్కింది పార్వతి. ఆ మూడు రాళ్లేవో తానే ఏరి, అక్కడికక్కడే వ్యాను మాట్లాడి తెచ్చేయాలని నిశ్చయం. బేస్తవారిపేట దాటేదాకా మొగుడిని ఏమనాలో మాటలు కూర్చుకుంటూనే ఉంది.

మార్కాపురంలో అడిగితే దేవరాజు షెడ్డు తేలిగ్గానే దొరికింది. గేటు దగ్గరే ఆగిపోయింది పార్వతి. ఆవరణ నిండా నిలువెత్తు పలకల దొంతరలు. వాటి మధ్య జగన్నాథం ఒక్కొక్క పలకనూ కొట్టి, కళ్లు మూసి విని, కొన్నిటి మీద సుద్దతో అడ్డగీత గీస్తున్నాడు. గీత పడినవాటిని ఇద్దరు కూలీలు పక్కకు మోస్తున్నారు. అక్కడున్న రాయి ర్యాక్‌లకు వాడితే జిల్లా అంతటికీ సరిపోతుంది.

షెడ్డులోంచి ఒకామె ఎదురొచ్చింది. దేవరాజు భార్య కరుణమ్మ. ఎవరో తెలుసుకోగానే చేతులు పట్టుకుంది. "రాక్కా, లోపలికి రా. మీ ర్యాక్ చూద్దువు రా."

గోనెపట్టా తీసింది. మూడు నల్లటి రాతి అరలు, అంచులు గుండ్రంగా నునుపు పట్టి, సన్నటి ఇనుప కాళ్ల మీద హుందాగా నిలబడి ఉన్నాయి. వంగి చూస్తే తన ముఖం కనిపించింది.

"ఎప్పుడైంది ఇది?"

"రెండు నెలలు దాటె."

పార్వతి బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. కరుణమ్మ స్టూలు జరిపి కూర్చోబెట్టింది.

"కోపం చేసుకోవద్దక్కా. మా ఆయనకు చెవులు పోయినాయి. నలభై ఏండ్లు కటింగ్ మిషను పక్కన నిలబడితే ఉంటాయా? పలకను తట్టి, మోత విని, లోపల పొర చీలిందా లేదా అని చెప్పాల. అదే ఈ పనిలో విద్య. అది పోయె. పోయిన ఎండాకాలంలో ఒక హోటలుకు నేల రాళ్లు పంపితే సగం దారిలోనే పగిలినాయి. దేవరాజు పని అయిపోయిందన్నారు. రెండు బేరాలు తప్పినాయి. షెడ్డు మూసి కూలికి పోదామనుకున్నాం. చెవుడని బయటికి చెప్పుకోడక్కా, రోషం."

"మరి ఈయన?"

"మొదటి దినమే కనిపెట్టినాడు అన్న. ఒక పలకను తట్టి 'ఖాళీ' అన్నాడు. మా ఆయన కూడా తట్టి, 'బాగనే ఉంది గదన్నా' అని నేల చూసినాడు. అన్న ఇంగ రెట్టించలేదు. 'నా ర్యాక్‌కు రాయి కుదర్లేదు, ఈ దొంతరంతా చూడాల' అని మొత్తం తట్టి, చెడ్డవాటికి గీతలు పెట్టిపోయినాడు. శుక్రవారం రాళ్లు లారీకి ఎత్తుతాం. అందుకే గురువారం వస్తాడు. అయిదు నెలలాయె, ఒక్క రాయి ఎనక్కి రాలేదక్కా. ర్యాక్ ఇంటికి తీసకపోతే ఇంగ ఏ సాకుతో రావాల అని ఇక్కడనే పెట్టినాడు."

పార్వతికి కోపం రావలసిందే. వచ్చింది కూడా. కానీ గర్వం దాన్ని నిలవనివ్వలేదు. ఊరంతా నవ్వుకునే ఆ వేలికణుపు ఒక ఇంటి పొయ్యి ఆరకుండా కాపాడుతోంది. పైగా ఆ మాట ఈయన తన పెళ్లానికి కూడా చెప్పలేదు. చెబితే దేవరాజు పరువు పోతుందని.

అప్పుడే దేవరాజు లోపలికి వచ్చాడు. పార్వతికి దండం పెట్టి, అటూ ఇటూ చూసి, దగ్గరికి వంగి రహస్యం చెప్పాడు. చెవిటివాడి రహస్యం కదా, షెడ్డు రేకులు అదిరాయి.

"వదినా, అన్న ఎందుకొస్తాడో నాకు తెలుసు. కండ్లు బాగనే ఉన్నాయి గదా నాకు, గీతలు కనపడవా? నాకు తెలుసని అన్నకు చెప్పొద్దు. పాపం, నొచ్చుకుంటాడు."

ఆవరణలో టకటకలు ఆగాయి. అరక్షణం తర్వాత మళ్లీ మొదలయ్యాయి, ఇంకాస్త గట్టిగా. పార్వతి తొంగి చూసింది. జగన్నాథం మహా శ్రద్ధగా కళ్లు మూసుకుని పలక వింటున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రమే ర్యాక్‌ను వ్యానులో ఇంటికి తెచ్చారు. నలుగురు పట్టి దించారు. సింధూజ వచ్చిన రోజు పార్వతి మెత్తటి గుడ్డతో తుడిచి తండ్రి రికార్డు పెట్టింది. పాట సగంలో గూడ్సు బండి వచ్చింది. కిటికీలు గడగడలాడాయి, వంటింట్లో గరిటెలు మోగాయి. ముల్లు కొండ మీద కూర్చున్నంత నిబ్బరంగా తన గీతలో తాను తిరిగింది. పార్వతి నాయన పొద్దున్నే వినే పాట ఒక్క అక్షరం జారకుండా చివరిదాకా వచ్చింది. పార్వతి కళ్లు తుడుచుకుని, "చూసినావా, మన మార్కాపురం రాయి" అంది కూతురితో.

పండగ నాలుగు రోజులూ వచ్చినవాళ్లందరికీ అదే మాట. "నంద్యాలలో వెతికినాం, ఆన్‌లైనులో వెతికినాం. ఏడున్నర వేలకు ఇంత అందమైంది ఎక్కడన్నా ఉందా చెప్పండి. దేవరాజని, నలభై ఏండ్ల చెయ్యి." అప్పటికప్పుడు ఇద్దరు దేవరాజు ఫోను నంబరు రాసుకుపోయారు.

సింధూజ వెళ్లిపోయాక గురువారం వచ్చింది. జగన్నాథం పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు. పేపరు తిరగేసి పట్టుకున్నాడు. ర్యాక్ ఎదురుగా నిలబడి ఉంది, ఏ వంకకూ చోటివ్వకుండా. బస్సు వేళ దగ్గరపడుతోంది.

పార్వతి కాఫీ తెచ్చి చేతికిచ్చింది. "ఏమండీ, స్పీకర్లు నేల మీదనే ఉన్నాయి. ఏం బాగలేదు. వాటికీ రెండు స్టాండ్లు కావాల. రాతివే."

జగన్నాథం తలెత్తాడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే. పోయి దేవరాజన్నకు చెప్పి రాండి. ఒక్కొక్క రాయి బాగా చూడండి, తొందరపడొద్దు. ఏడాదైనా నాకేం పరవాలేదు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె గోడ వైపు చూసింది. జగన్నాథం కాఫీ రెండు గుక్కల్లో తాగేసి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. వీధి మలుపు దాకా పోయినవాణ్ణి పార్వతి గుమ్మంలోంచి కేకేసింది.

"అవి అయినాక టీవీకి కూడా ఒకటి కావాలండీ."