నేను రాసిన పేజీన్నర

ఆ నటుడు ఆ మాట నవ్వుతూ చెప్పకపోయి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదేమో. ఏదో యూట్యూబ్ ఇంటర్వ్యూలో, కాలేజీ రోజుల కబుర్ల మధ్యలో, చూపులేని స్నేహితుడికి స్క్రైబ్‌గా వెళ్లి పరీక్ష రాశాననీ, వాడు చెప్పింది సగమైతే మిగతా సగం తనే కలిపి పాస్ చేయించాననీ అన్నాడు. స్క్రైబ్ అంటే పక్కన కూర్చుని, అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టేవాడు. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. తెల్లారేసరికి ఆ కాస్త వీడియో కత్తిరించి అందరి ఫోన్లలోకీ ఎక్కించేశారు.

నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు పాలిటీ, అంటే రాజ్యాంగం, పాలన చెబుతాను. ఇల్లు చిక్కడపల్లిలో, నడిచి వెళ్లే దూరమే. ఆ రోజు నేను మెట్లెక్కేసరికే క్లాసంతా ఉడికిపోతోంది. వాళ్ల కోపాన్ని తీసిపారేయలేను. ఒక్క గదిలో నలుగురు సర్దుకుని, నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పిల్లలు వాళ్లు.

"మేడం, ఆ రాయించుకున్నోడు ఇప్పుడు ఏదో ఆఫీసుల కూసొని ఉంటడు. అది మాలాంటోళ్ల కుర్చీ గాదా?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"ఆ దోస్తు పేరు చెప్పేదాక వదలొద్దు," అన్నాడు ఆమె వెనకాల అబ్బాయి. "మీరేమంటరు మేడం?"

ముందు పాఠం కానివ్వండి అని గదమాయించాను. కానీ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, ఆ వీడియో కూడా తెరిచాను. కింద సగం మంది ఆ నటుడిది వెన్నలాంటి మనసంటున్నారు, సగం మంది జైల్లో వేయమంటున్నారు. నాకు ముక్కు మీద కోపం. పెరుగన్నం పక్కకు నెట్టి రాశాను: "సాయం పేరుతో చేసినా మోసం మోసమే. రాసినవాడికీ, రాయించుకున్నవాడికీ శిక్ష పడాలి." చివర ఒక నిప్పు బొమ్మ కూడా పెట్టాను. సాయంత్రానికల్లా మా పిల్లలు దాన్ని ఫొటో తీసి ప్రతి గ్రూపులోనూ తిప్పారు. అబద్ధమెందుకు, నాకు చాలా సంతోషమేసింది.

అది రాస్తున్నప్పుడు నా సంగతి నాకు గుర్తు రాలేదంటే ఎవరూ నమ్మరు. నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఇంటికెళ్తూ మార్కెట్లో బీరకాయలు ఏరుతుంటే గుర్తొచ్చింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఇంటర్ రెండో ఏడాది నారాయణగూడలో చదువుతున్నప్పుడు, స్క్రైబ్‌గా వెళ్తావా అని మా సివిక్స్ మేడం అడిగితే సరేనన్నాను. పరీక్ష రాయాల్సినాయన నాకంటే ఐదారేళ్లు పెద్ద. చూపు లేదు. డిగ్రీలో ఒక్క పేపరు మిగిలిపోయి, మూడోసారి రాస్తున్నాడు. అది పోతే బీఎడ్ ఆశ వదులుకోవాల్సిందే. మాకు విడిగా ఒక గది ఇచ్చారు. కాపలా కూర్చున్నాయన గుమ్మం దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. చివరి ప్రశ్న పంచాయతీరాజ్. ఆయన నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు.

"గింతే చెల్లె. ఇగ యాదికొస్తలేదు. ఇచ్చేద్దాం."

అది నాకు ఆ ఏడాది కంఠతా వచ్చిన పాఠం. "ఒక్క నిమిషం అన్నా, అక్షరాలు సరిచేస్తున్నా," అని పేజీన్నర రాసేశాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. ఎంత మంచిదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆయన పాసయ్యాడు. ముషీరాబాద్ వైపు ఒక సర్కారు బడిలో సోషల్ సారయ్యాడు. అప్పటి నుంచి నాకు అన్నే. మా అమ్మాయికి అక్షరాభ్యాసం నాడు ఒళ్లో కూర్చోబెట్టుకున్నదీ ఆయనే. ఆ పేజీన్నర సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు, జర కలుద్దామని. నారాయణగూడలో మేమెప్పుడూ కూర్చునే ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి, తన ఫోను బల్ల మీద పెట్టాడు. తెర మీద ఏముందో చదివి వినిపించే ఫోను అది. వేలు తాకించగానే నా పేరు, నా మాటలు, ఏ భావమూ లేని గొంతుతో బయటికొచ్చాయి. రాసినవాడికీ, రాయించుకున్నవాడికీ శిక్ష పడాలి. ఆఖర్న "నిప్పు" అని కూడా చదివింది. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు రాసింది నాకు ఎర్కే చెల్లె," అన్నాడు.

"ఏంటన్నా?"

"గా పరీక్షల. నా నోరు బంద్ అయినంక కలం ఆగలే. పేజీ సుత తిప్పినవ్."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితె నువ్వు రాసింది కొట్టెయ్యమనాలె గద."

ఇన్నేళ్లూ ఆ మూట నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నిజానికి నేను మోసిందీ లేదు, హాయిగా మర్చిపోయాను. మోసింది ఆయన.

"గిప్పుడు చెప్పు. శిక్ష పడాలన్నవ్. నేను నౌకరి ఇడిచిపెట్టాల్నా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. అదే నన్ను చంపేసింది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేదాన్ని.

"అది లేకపోయినా పాసయ్యేవాడివేమో అన్నా."

"ఏమో, తెల్వదు గద. గదే పరేషాన్. పోరగాండ్లకు పంచాయతీరాజ్ చెప్పేటప్పుడల్లా గా కలం సప్పుడు ఇనొస్తది."

కామెంట్ తీసేస్తానన్నాను.

"తియ్యకు. ఎందుకు తీసిన్రని అడుగుతరు. తవ్వుతరు."

"పోనీ నేనూ చెప్పేస్తాను, తప్పంతా నాదేనని."

"నువ్వు చెప్తె నీకు తిట్లు పడ్తయ్. నా నౌకరి పోతది."

ఆ నటుడు చెప్పి మంచి పని చేశాడా, ఆ స్నేహితుణ్ని బజారులో నిలబెట్టాడా? మా పిల్లల కోపం న్యాయమేనా? న్యాయమే అనిపిస్తుంది. అన్న పాఠం కోసం బెంచీల మీద సర్దుకుని కూర్చునే ఆ బడి పిల్లలు గుర్తొస్తే కాదనీ అనిపిస్తుంది. రోజూ అధికారాలూ బాధ్యతలూ అని గొంతు చించుకునేదాన్ని, ఒక్క ముక్కకీ జవాబు తేల్చలేకపోయాను. రోడ్డు దాటేటప్పుడు ఆయన ఎప్పటిలాగే నా మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టు ఏమన్నా సడలిందా అని దారంతా అదే చూసుకున్నాను.

మర్నాడు క్లాసులో అడుగు పెట్టానో లేదో, ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"మీ కామెంట్ కిరాక్ మేడం! ఒకవేళ మీరే స్క్రైబ్‌గా పోతే ఏం చేస్తరు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఫోన్లు కూడా పైకి లేచాయి.

"ఆయన చెప్పిందే రాస్తాను," అన్నాను. "ఆయన ఆగితే కలం ఆపేస్తాను."

చప్పట్లు కొట్టారు. నేను బోర్డు వైపు తిరిగి ఆ రోజు పాఠం పేరు రాశాను, పంచాయతీరాజ్ అని.