ముందు టైర్లకు పూసిన మందు

మా అక్క చెప్పులు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. రబ్బరును వేలితో తడిమి, జిగురు ఎక్కడ పట్టదో ఇట్టే చెప్పేస్తుంది. ఆ వేళ్ళే నిరుడు దాని మరిదికి పందెంలో కప్పు తెచ్చిపెట్టాయి. వాడికి రిమోటుతో నడిపే రేసు కార్ల పిచ్చి. కారు మూరెడు, పొగరు బారెడు.

టైర్ల పనంతా అక్కదే. రిమ్ము అంచు స్పిరిటుతో తుడిచి, రబ్బరు లోపల స్పాంజి ముడత పడకుండా సర్ది, చుట్టూ చుక్కచుక్కగా జిగురు దింపేది. పందేనికి ముందు, పట్టు కోసం రబ్బరుకు ఒక మందు రాస్తారు. ఎంత మేర రాయాలి, ఎన్ని నిమిషాలుంచి తుడవాలి అన్నదే అసలు విద్య. పందేలు జరిగే మా ఊరి హాలు కార్పెట్ మీద ముందు టైర్లకు లోపలి సగమే రాయాలని, పది నిమిషాలే ఉంచాలని అక్క ఏడాదంతా పరీక్షించి తేల్చింది. వాడు ఒక్కనాడైనా అటు చూసిన పాపాన పోలేదు.

అంత చేయించుకుని, కప్పు చేతికి రాగానే మైకులో ఏమన్నాడో తెలుసా?

"టైర్లంటారా, అన్నీ నా చేత్తో నేనే చేసుకుంటా. మా వదినా? పాపం, టైర్ల పెట్టె మోస్తుంది."

హాలంతా నవ్వింది. అక్క చేతిలో నిజంగానే పెట్టె ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైతే ఆ కప్పుతోనే వాడి నెత్తి పగలగొట్టేదాన్ని. అక్క మాత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఆ టైర్లు ఎవరివో వాడి నోటితోనే చెప్పిస్తానే. అదే హాల్లో, అదే జనం ముందు" అంది.

మర్నాటి నుంచి వాడి టైర్లు ముట్టలేదు. అలాంటిదే పాత కారొకటి కొని, తనే నడపడం నేర్చుకుంది. వాడు వరసగా మూడు పందేలు ఓడిపోయాడు. అప్పుడు మొదలయ్యాయి దొంగచూపులు. పక్క బల్ల దగ్గర చేరి, అక్క ఎంత రాస్తే అంత రాసి, ఎప్పుడు తుడిస్తే అప్పుడు తుడిచేవాడు. మళ్ళీ గెలవసాగాడు, సిగ్గులేని వెధవ! అక్క చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఫైనల్ రోజు అక్క ఒక జత ముందు టైర్లను బల్ల మీద పెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మందు పట్టించింది. అరగంట ఉంచింది. వాడూ అంతే చేశాడు.

"ఎక్కువైపోదుటే?" అన్నాను.

"నోరు మూసుకుని నీ పని చూడు" అంది.

నా పని బల్ల కింద ఉంది. అసలు జతకు సంచిలోనే లోపలి సగం పూసి, పది నిమిషాలకు తుడిచాను. చివరి క్షణంలో అక్క వాటినే బిగించింది.

రెండు చుట్లు వాడిదే ముందు. టైర్లు వేడెక్కాక, మందు ఎక్కువైన ముందు చక్రాలు కార్పెట్‌ను కరిచి పట్టేశాయి. మలుపులో కారు పల్టీ కొట్టింది. నిలబెట్టారు, మళ్ళీ పల్టీ. నాలుగోసారి నేను ఈల వేశాను. అబద్ధమెందుకు, కడుపు నిండినట్టయింది. అక్క నాలుగో స్థానంలో వచ్చింది, దానికి ఆ ధ్యాసే లేదు.

వాడు రిమోటు విసిరేసి వచ్చి అరిచాడు. "ఏం చేశావ్ వదినా? నువ్వు రాసినట్టే రాశాను కదా! నిరుడు కూడా నువ్వు చేసిన టైర్లతోనే కదా నేను గెలిచింది!"

జనమంతా ఇటు తిరిగారు.

"ఇంకాస్త గట్టిగా చెప్పు నాయనా, వెనకవాళ్ళకి వినబడలేదు" అంది అక్క.

వాడి మొహం మాడిపోయింది. అక్క తీరిగ్గా తన టైర్లు విప్పి, పెట్టెలో సర్ది, మూత వేసి, ఆ పెట్టె వాడి చేతుల్లో పెట్టింది. అందరూ చూస్తుండగా వాడు దాన్ని గుమ్మం దాకా మోశాడు.