ఆత్మకూరు మొక్కజొన్న చేలో మా ఎస్తేరక్క

నిన్న పొద్దున్నే ఫోన్. ఎస్తేరక్క కొడుకు డేవిడ్.

"మామా, అమ్మ పోయింది."

మొన్న ఆదివారం కూడా మాట్లాడినాను. మోకాళ్లు నొప్పిరా ఖాజా, అంతే, ఇంకేం లేదు అనింది. నిద్రలోనే పోయిందంట.

ఉదయగిరిలో బస్సెక్కినాను. ఆత్మకూరులో దిగినాను.

నా ఫ్రెండ్స్‌లో చానామందికి అక్క ఎవురో తెలీదు. తెలియాల. అందుకే ఈ పోస్ట్.

1990ల్లో ఆత్మకూరు పక్కన మొక్కజొన్న ట్రయల్ ప్లాట్ ఒకటి ఉండేది. నేను ఫీల్డ్ అసిస్టెంట్. అక్క రోజుకూలీ. టెన్త్ దాకా చదివింది, పెళ్లయ్యి ఇద్దరు పిల్లకాయలు.

మామూలు మొక్కజొన్నలో ప్రొటీన్ ఉంటాది గానీ, ఒంటికి పట్టే రకం తక్కువ. ఆ లోటు తీర్చే విత్తనం తయారు చేయడం మా పని.

ఆ ప్లాట్ చూసుకునే సైంటిస్టు సార్ ఇదంతా చెప్పిన రోజు అందరం తలూపినాం. అక్క ఒక్కతే అడిగింది, పాలు కొనలేని ఇళ్లల్లో పిల్లకాయలకు ఇది పనికొస్తాదా సార్ అని.

పనికొస్తాది, దానికోసమే అన్నాడాయన.

ఆ రోజు నుంచి అక్క పని చేసే తీరే మారిపోయింది.

పని చూసేదానికి సులువు. కంకికి పీచు రాకముందే కాగితం సంచి తొడగాల. మనకు కావాల్సిన పుప్పొడి మనమే తెచ్చి చల్లాల. మళ్లీ సంచి కట్టాల. బయట పుప్పొడి కొంచెం తగిలినా ఆ కంకి చెడినట్టే.

పక్క చేలో మామూలు మొక్కజొన్న. నిండా పూత మీద ఉండాది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటా ఉంటే గాలి లేచింది. అరగంట. పోయి చూస్తే చివరి వరసలో సంచులు సగం ఎగిరిపోయినాయి. పీచు అంతా బయటే.

ఆ వరస కట్టింది నేను. తొందరలో పిన్నులు సరిగ్గా కొట్టలేదు.

"కొత్త సంచులు తొడిగేద్దాం అక్కా. ఎవురికి తెలస్తాది?" అన్నాను.

అక్క నా మొహం చూసింది. "తినే పిల్లకాయలకు తెలస్తాదిరా" అనింది.

ఇంటికి పోయి ఎర్రదారం ఉండ తెచ్చింది. గాలి తగిలిన ప్రతి మొక్కకూ దారం కట్టింది. తర్వాత నేరుగా సార్ దగ్గరికి పోయి చెప్పింది.

ఆ వరస సార్‌కి ప్రాణం. సీజనంతా దానిమీదే ఆశ. వారంలో పెద్దాఫీసర్లు చూసేదానికి వస్తా ఉండారు. ఎవురు కట్టినారు ఇవి అని అరిచినాడు.

అక్క నా పేరు చెప్పలేదు. మేమే సార్ అనింది.

నేను నోరు తెరవలేదు. ముప్ఫై ఏళ్లు కావస్తా ఉన్నా ఈ లైన్ రాసేదానికి సిగ్గుగానే ఉండాది.

రేపట్నించి రావద్దమ్మా అన్నాడు సార్. అక్క కొంగు దులుపుకొని వెళ్లిపోయింది.

కోత అయింది. కంకులు ఎండినాయి. గింజలు చూసే లైట్ టేబుల్ ఒకటి ఉండేది మాకు. చెక్కపెట్టె మీద అద్దం, కింద ట్యూబ్‌లైట్. ఆ పెట్టె మా నాయనే చేసినాడు, ఉదయగిరిలో కర్ర గరిటెలు చెక్కే చేత్తో. మాకు కావాల్సిన గింజ ఆ వెలుతుర్లో మసగ్గా కనిపిస్తాది. మామూలు గింజ ధగధగా వెలిగిపోతాది.

దారం లేని కంకుల గింజలు పోసినాం. అన్నీ మసకే.

దారం కట్టినవి పోసినాం. ప్రతి కంకిలోనూ మధ్యమధ్యలో వెలిగే గింజలు.

దారం లేకుంటే అన్నీ ఒకే గోతంలో కలిసిపోయేవి. చెడ్డది మంచిదాన్ని కూడా చెరిపేసేది.

సార్ ఆ వెలిగే గింజలు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టినాడు.

అప్పుడు చెప్పినాను. ఆ వరస కట్టింది నేను సార్, అక్క కాదు అని.

తిడతాడనుకున్నాను. స్కూటర్ తాళం తీసుకొని, ఎక్కు అన్నాడు.

మేం పోయేసరికి అక్క వాకిట్లో కందులు చెరుగుతా ఉండాది. సార్ చెప్పులు విడిచి నిలబడినాడు. తప్పయిపోయిందమ్మా, రేపట్నించి రా అన్నాడు.

అక్క చాట కింద పెట్టింది. నా కల్లే కూడా చూడలేదు.

"దారం కట్టిన కంకులు తీసేసినారా సార్?"

అదీ మా అక్క.

మరుసటి రోజు నుంచి లైట్ టేబుల్ అక్క చేతిలోనే. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ ఆమె కన్ను దాటకుండా ఒక్క గింజ ముందుకు పోలేదు. మర్రిపాడు మెట్టల్లో రైతులకు ఇచ్చిన మొదటి విత్తనం ఆమె ఏరిందే. నన్ను మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

నిన్న సాయంత్రం సమాధుల దగ్గర పాస్టర్‌గారు ప్రార్థన చేస్తా, కూలిపని చేసి పిల్లల్ని పెంచిన తల్లి అన్నాడు. ఆయన తప్పు లేదు, ఆయనకి తెలీదు.

ఈసారి నేను నోరు మూసుకోలేదు. ముందుకు పోయి, ఒక్క నిమిషం అయ్యగారూ అన్నాను. అందరికీ వినపడేలా చెప్పినాను.

"ఈయమ్మ పిల్లకాయల కోసం విత్తనం తయారు చేసింది."

డేవిడ్ నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికీ ఇదంతా తెలీదంట. అక్క ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోలేదంట.

పోయిరా ఎస్తేరక్కా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాల.